పత్తిపోగు పూర్వచరిత్రము

మన మహాసభల సంచికలయందు ప్రతియేటను కులచరిత్రములు ప్రకటింపబడుచునే యున్నవి. వానిలో నెక్కువభాగము మగ్గముతో నారంభించును. ఆదియందు లోకమునకు వస్త్రము లేకుండుటయు, మన మూలపురుషుడు తామరతూడునుండి దారము తీసి నేసి దేవతల కర్పించుటయు చెప్పి, పిమ్మట గోత్రములు, బిరుదములు, శాసనములు వరుసగా వ్రాయుదురు. అందు తప్పేమియు లేదు. పెద్దలు చెప్పిన కథలను పిల్లలకు చెప్పుట మన విధియే. కాని మగ్గమునకు ముందు రాట్నము కలదు. రాట్నమునకు ముందు పత్తికాయ కలదు. ఈ రెంటినిగూర్చి మన సంచికలలో నొక్క పుటయైన చదివినట్లు నాకు జ్ఞాపకము లేదు. ఆ కొఱత కొంత తీర్చుటకై యీ వ్యాసము పూనితిని. కులబాంధవులును, పోషకమహాశయులును ఓపికతో చిత్తగింతురుగాక.

గొలుగొండవాడు పత్తినిగూర్చి వ్రాయుట యేమని కొందరు నవ్వవచ్చును. మా యనకాపల్లి సీమ బెల్లమునకు ప్రసిద్ధము. 1913లో అనకాపల్లిలో స్థాపించిన వ్యవసాయ పరిశోధనాస్థానము సయితము చెఱకు మూలముననే పేరు గాంచినది. అయినను నూలు మాకు పరాయిది గాదు. పూర్వపు విశాఖపట్టణము జిల్లాలో దక్షిణమున నక్కపల్లి, పాయకరావుపేటలును, ఉత్తరమున రాజాము, సిరిపురము, పొందూరులును నేతపనికి పేరుగన్న గ్రామములు. మా మండలములోని కృష్ణదేవిపేటయందు సమాధిగొన్న అల్లూరి సీతారామరాజు, 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడుటకు పూర్వము, మన్యమున తిరుగుచు కల్లు మానుడనియు, ఖద్దరు కట్టుడనియు బోధించినవాడు. ఆ ఖద్దరునకు నూలెవ్వరు వడికిరి? ఆ నూలునకు పత్తి యే చేనిలో పండెను? ఈ ప్రశ్నలు చిన్ననాటినుండి నా మనస్సున నున్నవి.

అందుకొక కారణము కలదు. మా యింటి యటుకమీద మా నాయనమ్మనాటి రాట్న మొకటి ఆకులు విరిగి పడియుండెడిది. మా తాత నేసిన చీరలను చుట్టుప్రక్కల పదియూళ్లవారును తలచుకొందురు. నాయనమ్మ వడికిన నూలును తలచినవారిని నే నెఱుగను. ఒక వానకాలమున కట్టెలు తడిసియుండగా ఆ రాట్నము పొయ్యిలోనికి పోయినది. దానిని విఱిచినవాడను నేనే. అప్పటికి నాకు పదేండ్లుండును.

ఇక మొక్క సంగతి చూతము.

పత్తిగింజ తగిన తేమయు వెచ్చదనమును దొరికినచో వారము పది దినములలో మొలకెత్తును. మొదట రెండాకులు పైకి వచ్చుసరికే తల్లివేరు క్రిందికి దిగి, కాండముకంటె చాల లోతునకు పోవును. మెట్టభూమిలో నీరు పెట్టకయే పత్తి నిలుచుటకు కారణ మీ వేరే. మొక్కకు రెండు తెఱగుల కొమ్మలు పుట్టును. ఒకటి కాండమువలె నిట్టనిలువుగా పెరిగి ఆకులనే యిచ్చును. రెండవది కణుపుకణుపునకు వంగుచు, అటునిటు నడచి, ప్రతి కణుపునను ఒక మొగ్గను తొడుగును. రైతుకు కావలసినది రెండవది. మొగ్గ కనబడిన సుమారు మూడు వారములకు పువ్వు విచ్చును. మన దేశవాళి పత్తిపువ్వు పసుపువన్నెది. లోపల అడుగున కుంకుమవంటి ముదురు మచ్చ యుండును. ఉదయమున విచ్చి సాయంకాలమునకు వాడి, మఱునాటికి ఎఱ్ఱబారును. పూచిన దెల్ల కాయ యగునని తలపరాదు. మొగ్గలును పిందెలును సగమునకు పైగా రాలిపోవుట యీ మొక్కకు సహజము. దీనిని తెలియక క్రొత్తరైతు బెంగటిల్లును.

ఇచ్చట నేతవారు మిక్కిలి శ్రద్ధగా వినదగిన విషయము కలదు. మనము పోగు అని పిలుచునది యెప్పుడు పుట్టునో తెలియునా? కాయ పండిన తరువాత గాదు. పువ్వు విచ్చిన దినముననే. పువ్వు అడుగున నున్న చిన్నకాయలో గింజ కానున్న అండములు వరుసగా నుండును. ఆ గింజపై తోలులోని జీవకణములలో దాదాపు నాలుగింట నొకటి యానాడే పైకి ఉబ్బి సాగుట కారంభించును. ప్రతి దూదిపోగును ఒక్కొక్క జీవకణమే. నారయందువలె పెక్కు కణము లతుకుకొని యొక పోగగుట లేదు. ఒక్క కణమే తన వెడల్పునకు వేయిరెట్లు మించిన పొడవు సాగును. ఒక్క గింజమీద నిట్టివి పదివేలకు పైగా నుండును. ఇది యెంత చిత్రమైన సంగతియో ఆలోచింపుడు. మనము భుజముమీద వేసికొను కండువాలోని ప్రతిపోగును ఒకనాడు బ్రతికియుండిన యొక్క కణము.

సాగుట సుమారు మూడు వారములు జరుగును. ఆ దినములలో పోగు లోపల నీరు నిండి, గాలి నింపిన తిత్తివలె బిగిసి, ఆ బిగువుచేతనే ముందునకు పోవును. అప్పుడు చేనిలో తేమ చాలనియెడల పోగు పొట్టిదగును. పిమ్మట నెంత వాన కురిసినను పొడవు పెరుగదు. సాగుట ముగియుచుండగా రెండవపని మొదలగును. పోగు లోపలిగోడకు సెల్యులోజు అను పదార్థము పొరలుపొరలుగా చేరును. దినమున కొక పొర చొప్పున, మెలికగా చుట్టినట్లు, ఇంకను మూడు నాలుగు వారములు పేరుకొనును. రాత్రులు చలి యెక్కువైనను, తెగులు తగిలి ఆకు రాలినను ఈ పొరలు పలుచబడును. అట్టి పత్తినే మనవారు చచ్చుపత్తి యందురు. అద్దకమువేసిన నూలులో నచ్చటచ్చట తెల్లనిచుక్కలు కనబడి, రంగువాని చేతిపని చెడినదని నింద వేయుట కలదుగదా! పలుమాఱు నేరము రంగువానిది గాదు. ఆ చుక్కలు పొర పేరుకొనని చచ్చుపోగులు; వానికి రంగు పట్టదు.

పూచిన నెలన్నర, రెండు నెలలకు కాయ పగులును. అంతవరకును పోగు నీటితో నిండిన గొట్టము. ఎండయు గాలియు సోకగానే లోపలి రసమాఱి, గొట్టము చదునై, నాడాపట్టీవలె తనంత తాను మెలికలు తిరుగును. ఆ మెలికయే నూలుయొక్క రహస్యము. మెలికలున్న పోగు ప్రక్కపోగును పట్టుకొనును, పురిపెట్టినప్పుడు జాఱదు. మన యూళ్లలో బూరుగుచెట్టున కెంత దూది లేదు? చూచుటకు పట్టువలె మెఱయును. కాని బూరుగుదూది గింజమీద పుట్టునది గాదు, కాయలోపలి గోడపై పుట్టునది. అది నున్నగా గుండ్రముగా నుండునేగాని మెలిక తిరుగదు. కావుననే అది తలగడలకు పోయినది, పత్తి కదురునకు వచ్చినది. మొదట నీ భేదమును కనిపెట్టినవారెవ్వరో, వారి పేరు ఏ పురాణమునను లేదు. చెట్టునుండి దూదిని కోసి, వ్రేళ్ల నడుమ నలిపి, యిది నిలుచును, అది నిలువదని తేల్చినది స్త్రీయే యై యుండునని నా యూహ.

ప్రపంచమున సేద్యమునకు వచ్చిన పత్తిజాతులు నాలుగు. వానిలో రెండు ప్రాచీనఖండములవి. ఒకటి మనము చెట్టుపత్తి, కొండపత్తి మొదలగు పేళ్లతో నెఱిగిన జాతి; రెండవది దానికి సోదరివంటిది, పడమటి జిల్లాల నల్లరేగళ్లలో ప్రసిద్ధము. తక్కిన రెండును అమెరికాఖండమునుండి వచ్చినవి. మన జాతుల పోగు పొట్టిది, అంగుళమునకు లోబడియే యుండును. అమెరికాజాతుల పోగు అంగుళమును, అంతకు మించియు నుండును. ఈ చిన్న యంతరము కంటికి కనబడునంత మాత్రము. కాని గడచిన రెండువందల యేండ్లలో మన కులమున కెన్ని కష్టసుఖములు వచ్చినవో, వానిలో చాలవరకీ యంతరమునుండియే వచ్చినవని నే ననుటకు సాహసించుచున్నాను.

పత్తివస్త్రము మనదేశమున నెంత ప్రాచీనమో చెప్పవలసినచో, బెలూచిస్థానములోని మెహర్‌గఢ్‌లో సుమారు ఎనిమిదివేల యేండ్లనాటి రాగిపూసలో పత్తిదారపు తునకలు దొరకినవి. మొహంజొదారోలో వెండిపాత్రకు అంటుకొనిన పత్తిబట్ట 1920 తరువాత త్రవ్వకములలో బయల్పడినది. క్రీస్తునకు పూర్వ మైదవ శతాబ్దిలో గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్, హిందూదేశమున చెట్లకు ఉన్ని కాయుననియు, అది గొఱ్ఱెయున్నికంటె మేలైనదనియు వ్రాసినాడు. క్రీస్తుశకము మొదటి శతాబ్దినాటి యెరిత్రియన్ సముద్రయాత్రాగ్రంథము మసలియా తీరమున సన్నని బట్టలు విస్తారముగా నేయుదురని చెప్పును. అది మన కృష్ణాతీరమే. పదుమూడవ శతాబ్దిలో గణపతిదేవచక్రవర్తి మోటుపల్లిరేవున వర్తకులకు అభయశాసన మిచ్చెను. ఆ శతాబ్దము చివర వచ్చిన మార్కోపోలో మన తీరపు బట్టలను సాలెపురుగు గూటితో పోల్చి పొగడెను. ఈ సంగతులు మన సభలలో తఱచు వినబడునవే కావున విస్తరింపను.

తఱచు వినబడని దొకటి చెప్పెదను. ఈ సాలెగూటివంటి నూలు నెవ్వరు తీసిరి? కౌటిల్యుని అర్థశాస్త్రమున సూత్రాధ్యక్షుడను నధికారినిగూర్చి యొక ప్రకరణము కలదు. వితంతువులు, అంగవికలలు, సన్యాసినులు, వృద్ధదాసీలు మొదలగువారిచే నూలు వడికింపవలెనని అందున్నది. ఇల్లు వదలరాని స్త్రీలకు దాసీలద్వారా పని పంపవలెననియు, వేకువను నూలు తెచ్చిన స్త్రీ మొగమువంక నధికారి చూడరాదనియు, దీపము నూలును పరీక్షించుటకు మాత్రమే యుండవలెననియు విధించినాడు. చూచితిరా, ఎంత మర్యాద! ఆ మర్యాద ప్రక్కనే, కూలి పుచ్చుకొని పని చేయనిదానికి అంగుష్ఠసందంశమను బొటనవ్రేలి శిక్షయు వ్రాసియున్నది. మనుస్మృతి నేతవానికి పదిపలముల నూలిచ్చి పదునొకండు పలముల బట్ట తీసికొమ్మనుచున్నది. ఎక్కువైన పలము గంజి బరువని మనకు తెలియును. ధర్మశాస్త్రకర్తకును తెలిసియుండుట వింతగా నున్నది. ఇట్లు నేతవాడు లెక్కలోనికి వచ్చినాడు, వడికినది శిక్షలోనికి వచ్చినది.

బొటనవ్రేలి మాట వచ్చినది గావున నొక సందేహమును తీర్తును. కుంపిణీవారు మన నేతగాండ్ర బొటనవ్రేళ్లు నఱికించిరని వేదికలపై గర్జించుట పరిపాటియైనది. దీనికి మూలముగా చూపబడునది విలియం బోల్ట్స్ 1772లో ప్రకటించిన గ్రంథము. అందున్నది వంగదేశపు పచ్చిపట్టు చుట్టువారు, నిర్బంధపుపని తప్పించుకొనుటకై, తమ బొటనవ్రేళ్లను తామే కోసికొనిరని. నఱికినవాడు కుంపిణీవాడు గాడు. నఱుకుకొనునట్టి స్థితికి తెచ్చినవాడు కుంపిణీవాడు. ఇది మఱింత ఘోరముగాదా? నిజమే చాలియుండగా కల్పన యెందులకు?

మన సర్కారులు 1766లో నిజాముతో సంధిమూలమున కుంపిణీ వశమైనవి. విశాఖపట్టణమునుండి ఓడలకెక్కిన సరకులో ముఖ్యమైనది పుంజపుబట్ట. పుంజమనగా పడుగులో నూటయిరువది పోగులని మీరెఱుగుదురు. పదునాలుగు పుంజముల బట్టకు పదునాఱువందల యెనుబది పోగులు. పుంజములు పెరిగినకొలది నేత సన్నన, వెల హెచ్చు. ఈ లెక్క మన తాతలు నోటికి వల్లించినది. అయితే ఒక్క మగ్గము నిరాటంకముగా నడచుటకు నాలుగైదు రాట్నములైన తిరుగవలసియుండెను. ఆ రాట్నములు మన యిండ్లలో మాత్రమేగాక, కాపుల యిండ్లలో, మాలవాడలో, విధవల పంచలలో, ఎల్లకులముల స్త్రీలచేతను తిరిగినవి. సన్ననూలు వడికిన యామె పేరు కుంపిణీ చిట్టాలో లేదు. మన పెద్దల ఖాతాలలోను లేదు. ముంగడలిచ్చి, ధరలు దించి, సరకు త్రోసివేసి కుంపిణీవారు పెట్టిన బాధలకు పదునెనిమిదవ శతాబ్దాంతమునను, తరువాతను సర్కారులలోని నేతవారు మగ్గములు విడిచి, గుంపులుగూడి, యెదిరించినారు. అది మనకు గర్వకారణమే. రాట్నము విడిచి గుంపుగూడిన స్త్రీలను నేను వినలేదు. వారు విడిచినప్పుడు శబ్దము కాలేదు.

వారెట్లు విడిచిరో చెప్పుటకు మరల పోగు పొడవునకు రావలెను. ఇంగ్లండున 1764 ప్రాంతమున హార్‌గ్రీవ్స్ జెన్నీని, 1769లో ఆర్క్‌రైట్ నీటిచట్రమును కనిపెట్టిరి. ఆర్క్‌రైట్ యంత్రము జంటజంటలుగా నున్న దిండ్లనడుమ ఏకును పోనిచ్చి, ముందరిజంటను వడిగా త్రిప్పి లాగును. ఆ రెండుజంటల యెడమునకు పోగుపొడవు సరిపోవలెను. పొట్టిపోగైనచో నడుమ పట్టులేక తేలిపోవును, దారము తెగును. మనుష్యుని చేయి యట్లు గాదు. ఏకును పట్టిన రెండువ్రేళ్లు పోగు జాఱుచున్నదో, చిక్కుచున్నదో క్షణక్షణము కనిపెట్టి, అందుకు దగినట్లు పురిని వదలును, బిగించును. పొట్టిపోగునుండి సన్ననూలు తీయుట చేతికి సాధ్యము, యంత్రమునకు దుస్సాధ్యము. ఢాకామల్లును నేసిన ఫుటీకార్పాసము మన జాతిదే, పొట్టిపోగుదే; దానిని వేకువజామున, గాలిలో తేమ యున్నప్పుడు, పడుచుకండ్లవారు వడికెడివారు. కావున యంత్రము జయించిన దనుట యెంత నిజమో, యంత్రము తాను వడుకగల పత్తినే లోకమంతట పండింపించిన దనుటయు నంత నిజము. 1794లో విట్నీ గింజతీయు యంత్రమునకు హక్కుపత్రము పొందినపిమ్మట అమెరికాలో బానిసల వెట్టిచే పత్తి పర్వతములుగా పండినది. మనదేశపు పత్తిని మార్చవలెనని 1840లో కుంపిణీవారు అమెరికానుండి పదిమంది తోటదొరలను రప్పించిరి. చెన్నపట్టణ రాజధానిలో కోయంబత్తూరున డాక్టరు వైట్ ఆధ్వర్యవమున పదేండ్లకు పైగా పరీక్షలు జరిగినవి. అమెరికాలో 1861 మొదలు 1865 వఱకు అంతర్యుద్ధము జరుగగా మన పత్తికి వెల నింగికెక్కి, యుద్ధము ముగియగానే నేలబడినది.

ఇక 1820 తరువాత సీమనూలు మన రేవులకు దిగుట మొదలిడెను. ఆ శతాబ్ది నడుమ బొంబాయిలోను, తరువాత చెన్నపట్టణములోను మిల్లులు లేచినవి. మిల్లునూలు సమముగా నుండెను, చౌకగా నుండెను, తెగకుండెను. నేతవాడేమి చేయును? కొనెను. కొనినాడు గావుననే బ్రతికెను. ఇదియే నా మనస్సును కలచు విషయము. సీమబట్ట మనల నణచినదని మనము నూఱేండ్లుగా మొఱపెట్టుచున్నాము. సీమనూలును మనమే యింటికి తెచ్చితిమని యొక్కరును చెప్పరు. మగ్గము సీమనూలుతో నిలిచినది. రాట్నము ఆ నూలుచేతనే ఆగినది. నేతవానిని నే దూషింపను. ఆకలిగొన్న కుటుంబము చౌకనూలు కొనుట పాపము గాదు. అయినను చరిత్రము వ్రాయునపుడు మన నష్టము వ్రాసి, మన మూలమున నష్టపడినవారిని విడుచుట న్యాయముగాదు.

1921 మార్చి చివర బెజవాడలో సమావేశమైన అఖిలభారత కాంగ్రెసు సంఘము దేశమున నిరువదిలక్షల రాట్నములు త్రిప్పింపవలెనని తీర్మానించినది. నూఱేండ్లు మూలబడిన సాధనమునకు మన తెనుగుగడ్డమీద మరల పట్టాభిషేకము జరిగినది. జెండా రూపొందించిన పింగళి వెంకయ్యగారిని జనులు పత్తి వెంకయ్య యని పిలుచుటకు కారణము వారు కంబోడియాపత్తిపై చేసిన కృషి. కంబోడియాపత్తి అమెరికాజాతిదే యనుట గమనింపదగినది. రాట్నముకొఱకు పాటుబడిన దేశభక్తులు సయితము పొడవుపోగు మోహమునుండి తప్పించుకొనలేదు. రైతునకు వెల కావలెనుగదా!

పొట్టిపోగును విడువక, రాట్నమును విడువక నిలిచిన యూరొకటి మన యుత్తరసీమలోనే యున్నది. అది పొందూరు. గాంధీజీ యచ్చటి నూలుసంగతి విని ఆశ్చర్యపడి, తమ కుమారుడు దేవదాసు గాంధీని చూచిరమ్మని పంపిరి. అచ్చట వడుకువారు పట్టుశాలి స్త్రీలు. నేయువారు వేఱువేఱు నేతకులములవారు. పత్తి మూడు రకములు: కొండపత్తి, పునాసపత్తి, ఎఱ్ఱపత్తి. మూడును దేశవాళివే.

ఆ స్త్రీల పనిని నేను దగ్గఱ కూర్చుండి చూచితిని. చూచినది చూచినట్లు వ్రాయుదును. మొదట కాయనుండి తీసిన పత్తిలో ఆకుతునకలు, నల్లిపోయిన తొనలు ఏరివేయుదురు. పిమ్మట వాలుగచేప దవడయెముకను చేతబట్టుదురు. ఆ యెముకనిండ సూదిమొనలవంటి పండ్లు వరుసలుగా నుండును. దానితో గింజమీదనున్న దూదిని, తల్లి బిడ్డతల దువ్వినట్లు, గింజగింజకు దువ్వుదురు. ఇది యెంత తెలివైన పనియో నాకు వెంటనే తెలియలేదు. పోగు గింజకు అంటియుండగనే దువ్వుటచే పోగులన్నియు నొక్కదిక్కునకు తిరుగును; బలహీనమైనవి, చచ్చువి యూడివచ్చును. మిల్లులలో మేలైన నూలునకు పెద్దయంత్రములతో చేయు దువ్వెనపనియు నిదియే. దువ్వినపిమ్మట చిన్నపలకమీద గింజనుంచి సన్నని ఇనుపకడ్డీని దొర్లింతురు. గింజ ముందునకు జాఱును, దూది వెనుక నిలుచును. మిల్లుజిన్నులోని ఱంపపుపండ్లు పోగును చించునట్లు ఈ కడ్డీ చించదు. తరువాత చిన్నవింటితో ఏకి, ఏకులు చుట్టి, ఆ యేకును ఎండిన అరటిపొరలో నుంచి పట్టుకొందురు. చేతిచెమట తగిలి ఏకు చెడకుండుటకు అరటిపొర. ఇరువదినాలుగాకుల రాట్నము, ఒక్కటే కదురు.

అట్లు తీసిన నూలు నూఱవనంబరువఱకు, ఆపైకిని పోవును. నూఱవనంబరనగా నేమో లెక్క కట్టుడు. ఎనిమిదివందల నలుబది గజముల చిలపలు నూఱు కలిసి యొక పౌను తూగవలెను. అనగా ఎనుబదినాలుగువేల గజములు. నలుబదియేడు మైళ్లకు పైచిలుకు. గొలుగొండనుండి తిన్నగా పఱచినచో విశాఖపట్టణపు పొలిమేర దాపునకు పోవునేమో! అంత దారము ఒక పౌను పత్తిలో, అంగుళమైన లేని పోగులతో, వృద్ధురాలి రెండువ్రేళ్లనడుమ!

1949లో అచ్చట ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము వెలసి, పత్తి కొని యిచ్చుట, నూలు తీసికొనుట, బట్ట అమ్ముట నడపుచున్నది. పొందూరుపంచె కట్టనిదే పెద్దమనిషి గాడని మన జిల్లాలలో ననుకొనిన కాలము కలదు. మన పోషకమహాశయులలో పలువురు నేటి సభకును దానినే కట్టి విచ్చేసియుందురు. కాని రాట్నముముందు కూర్చుండిన వారిలో పడుచుమొగములు నాకు మిక్కిలి తక్కువ కనబడినవి. కూలి యల్పము, కండ్లు పోవును, నడుము వంగును. తల్లులే కూతుండ్రను వలదనుచున్నారు. వారి మాట కాదనుటకు మనకేమి హక్కు కలదు?

పత్తి సంగతియు నట్లే యున్నది. 1947లో దేశము విభజింపబడినప్పుడు పొడవుపోగు పండు సింధు, పడమటి పంజాబుల భూములు పాకిస్థానమునకు పోయినవి. మిల్లులకు పొడవుపోగు కఱవైనది. అప్పటికి మన పొలములలో నధికభాగము దేశవాళియే. తరువాత ప్రభుత్వమువారి యత్నమంతయు అమెరికాజాతిని పెంచుటపై నడచినది. 1970లో గుజరాతులోని సూరతు పరిశోధనాస్థానమునుండి ప్రపంచమున మొట్టమొదటి వర్తకపు సంకరపత్తి వెలువడినది. దిగుబడి పెరిగినది; మందులును పెరిగినవి. 1980 తరువాత గుంటూరు, ప్రకాశము జిల్లాలలో తెల్లదోమ విజృంభింపగా అప్పులపాలైన పత్తిరైతులు ప్రాణములు తీసికొనిరి. 2002లో బీటీపత్తికి అనుమతి యిచ్చిరి. నేడు దేశములో పత్తి వేయు నేలలో నూటికి తొంబదికి పైగా దానిదే. ఈ మార్పువలన లాభమే లేదని నేననను. దేశవాళి పంటతో మిల్లులును, ఇంత జనమునకు బట్టయు నడచియుండవు. కాని దేశవాళిజాతి రసము పీల్చు పురుగులకును, బెట్టకును ఓర్చునదని శాస్త్రజ్ఞులే చెప్పుచుండగా, ఆ విత్తనమును ఉత్తరసీమలోని కొలదిపాటి మెట్టచేలకు విడిచి మఱచుట వివేకమా?

ఇందు మనపని యేమైన కలదా యని మీరడుగవచ్చును. మహాసభవారు విద్యార్థివసతిగృహములకు, కల్యాణమండపములకు చందాలు పోగుచేయుచున్నారు, చేయవలసినదే. వానితోపాటు రెండు కోరికలను సభవారిముందు పెట్టుచున్నాను. ఏటేట మన సభలో శాలువ కప్పి సన్మానించు నేతగాండ్ర ప్రక్కన, వడుకువారిలో నొక స్త్రీని, ఆమె మన కులమున పుట్టినను పుట్టకున్నను, కూర్చుండబెట్టవలెను. మఱియు కొండపత్తి వేయు రైతున కొకయేటి పంట చెడినను నష్టము రాకుండ ముందుగా వెల యొప్పుకొను నిధి యొకటి యుండవలెను. మొదటిదానికి వ్యయమేమియు లేదు. రెండవదానికి ఒక మండపపు ముఖద్వారము వెల చాలును.

పొందూరునుండి వచ్చునప్పుడు నే నొక పిడికెడు కొండపత్తిగింజలు తెచ్చి, తొలకరి పడగానే మా పెరటిలో చెఱకుతోటగట్టు వారగా నాటితిని. పదునేడు మొలచినవి. నాలుగింటిని మేకలు తినిపోయినవి. తక్కినవి నడుమెత్తు పెరిగి పూచినవి. పసుపుపూలు మఱునాటి కెఱ్ఱబారుట నా మనుమరాలు పుస్తకములో తేదీలతో వ్రాసి పెట్టుచున్నది. ఈ వ్యాసము ముగించునాటికి తొమ్మిదికాయలు పగిలినవి. దువ్వుటకు వాలుగదవడ దొరకలేదు గాని, వడ్రంగికి చెప్పి రాట్నమొకటి చేయించుచున్నాను. ఆకులు ఇరువదినాలుగే వేయమంటిని.